ఓడల మేని రంగులు

పోయిన సంక్రాంతికి నా పూర్వశిష్యుఁ డొకఁడు స్వగ్రామమునకు వచ్చెను. అతఁడు విహారనౌకలపై కళాసీ పని చేయువాఁడు. మా యింటి యరుగుపై నలుగురము కూర్చుండియుండఁగా, తాను పెక్కు రేవులలోఁ జూచిన యోడల ఛాయాచిత్రములను మాకుఁ జూపెను. అందొక యోడ ముక్కునకు ఎఱ్ఱని పెదవులును, ఇరుప్రక్కల విశాలములైన నీలికన్నులును చిత్రింపఁబడియున్నవి. మఱియొక యోడ ప్రక్కపై తిమింగిలములు. వేఱొకదానిపై గొప్ప జెండా.

అది చూచి మా పొరుగు రైతొకఁడు, "ఓడకు దిష్టి తగులకుండుటకుఁ గాఁబోలు" ననెను. ఒకప్పుడు కోరంగి ప్రాంతమున పడవలు కట్టిన వృద్ధవడ్రంగి పెదవి విఱిచి, "ఓడకు సొగసు దాని వంపులో నుండవలెను గాని పూఁతలో నుండునా?" యనెను. మూఁడవయాయన, "పండుగనాఁడు మన మెద్దుకొమ్ములకు రంగు వేయమా? ఇది మాత్రము తప్పేమి?" యని యడిగెను. నా శిష్యుఁడు నవ్వి, "పంతులుగారూ, ఓడ యెక్కువారిలోను, రేవుగట్టున నిలిచి చూచువారిలోను గూడ నిదే తగవు నడచుచున్నది" అని చెప్పెను. అరుగుమీఁది యా మూఁడు మాటలే నేఁటి యీ ప్రసంగమునకు మూలము.

విహారనౌక యనఁగా సరకు మోయునది గాదు. ఒక తీరమునుండి మఱియొక తీరమునకు అవసరమై పోవువారిని చేర్చునదియుఁ గాదు. వినోదార్థము సముద్రముపై కొన్నాళ్లు గడపఁగోరువారికి అది తేలియాడు సత్రము. 2022 జూన్ మాసములో నట్టి నౌక విశాఖపట్టణమునకు వచ్చి, యచ్చటినుండి పుదుచ్చేరికిని చెన్నపట్టణమునకును ప్రయాణికులను గొనిపోయెను. 2023 సెప్టెంబరులో నట్టి నౌకల కొఱకే యచ్చట ప్రత్యేకమైన ప్రయాణికభవనము ప్రారంభింపఁబడెను. కాఁబట్టి యిది మనకు బొత్తిగా సంబంధము లేని ముచ్చట గాదు. 300 మీటర్ల పొడవు గల యోడ ప్రక్క, వీథిలోని గోడవంటిది. దానిపై నేమి వ్రాసినను యజమానుఁడు చూడఁడు, ఊరివారే చూతురు. తగవంతయు నచ్చటనే పుట్టుచున్నది.

మా రైతు చెప్పిన దిష్టిమాట నవ్వులకన్నదే యైనను నిరాధారమైనది గాదు. ఓడ ముక్కునకుఁ గన్నులు పెట్టుట మిక్కిలి పురాతనమైన యాచారము. ప్రాచీనులైన యవనులు తమ యుద్ధనౌకలకుఁ గన్నులు పెట్టిరి. చీనావారు తమ జంకు పడవలకుఁ బెట్టిరి. మన దేశమున అజంతా రెండవ గుహలో క్రీస్తుశకము అయిదవ శతాబ్దినాఁటి చిత్రమొకటి కలదు. అది పూర్ణుఁడను బౌద్ధభక్తుని కథకు సంబంధించినది. అందలి యోడకు మూఁడు తెరచాపకొయ్యలు, వాటికి నిలువుతెరచాపలు, లోపల వరుసగా జాడీలు, ముక్కుదగ్గఱఁ గన్ను. తెలియని సముద్రములో దారి కానవలసినది మనుష్యుఁడే కాదు, ఓడ గూడఁ గాంచవలెనని యా చిత్రకారుని కాలపు నావికులు తలఁచియుండిరి కాఁబోలు.

కన్నులే గాదు, రంగులకును మనవారు నియమము చెప్పిరి. ధారానగరాధీశుఁడైన భోజరాజు రచించినదని చెప్పఁబడు యుక్తికల్పతరువను గ్రంథమున నౌకాప్రకరణ మొకటి కలదు. నాలుగు తెరచాపకొయ్యల నావకుఁ దెలుపు, మూఁడింటి దానికి ఎఱుపు, రెండింటి దానికి పసుపు, ఒకదానికి నీలము వేయవలెనని యందు విధింపఁబడినది. నావ ముక్కును సింహముగాఁ గాని, మహిషముగాఁ గాని, సర్పముగాఁ గాని, గజముగాఁ గాని, వ్యాఘ్రముగాఁ గాని తీర్పవచ్చును. పక్షి, కప్ప, మనుష్యుఁడు అను రూపములు గూడఁ జెప్పఁబడినవి. ఈ నియమము నేను తొలుత చదివినప్పుడు అలంకారము మాత్రమే యనుకొంటిని. తరువాత నాలోచింపఁగా నొక విశేషము తోఁచినది. కొయ్యల సంఖ్యనుబట్టి రంగు మాఱుచున్నది గదా! దూరమునుండి రంగు చూచినవానికి వచ్చుచున్న నావ యెంతటిదో తెలియును. రంగు సొగసునకే కాక సమాచారమునకును పనికివచ్చుచున్నది.

ఓడ మేనిపై వేయు రంగు పాలకుని గర్వమునకు సాధనమైన కాలమును గలదు. ఇంగ్లండు రాజగు ఒకటవ చార్లెస్ 1637లో సావరిన్ ఆఫ్ ది సీస్ అను యుద్ధనౌకను జలప్రవేశము చేయించెను. నల్లని మేనిపై బంగారుపూఁత వేసిన శిల్పములతో నది యంతయు మెఱసినది. దాని వ్యయము 65 వేల పౌనులకు మించినది. అందు శిల్పములకును బంగారుపూఁతకునే 6 వేల పౌనులకు పైగాఁ బట్టినది. నౌకాబలము కొఱకని రాజు శాసనసభ సమ్మతి లేకయే ఓడపన్ను విధించి, సముద్రమే యెఱుఁగని లోపలి గ్రామములనుండియు రాఁబట్టెను. ప్రజలు మొఱపెట్టిరి. న్యాయస్థానమున వ్యాజ్యము నడచెను. రాజునకును ప్రజలకును కలిగిన వైరమునకు గల కారణములలో నా పన్ను ఒకటి. 1649లో రాజు శిరచ్ఛేదము పొందెను. ఓడ మాత్రము పెక్కు యుద్ధములు చేసి, 1696లో నొక కొవ్వొత్తి నిప్పంటుకొని కాలిపోయెను. ఆ బంగారమును జూచి యాశ్చర్యపడినవారు కొందఱు. దాని కొఱకు పన్నిచ్చినవారు మఱికొందఱు. ఓడ రంగుపై అభిప్రాయభేదములు గలుగుటకు ఇంతకన్న స్పష్టమైన కారణము వేఱొకటి యుండునా? 1703లో నా దేశపు నౌకాశాఖవారే యోడలపై శిల్పములను తగ్గింపుఁడని యుత్తరువు చేసిరి.

పిమ్మట పొగయోడల కాలము వచ్చెను. అప్పుడు రంగు కంపెనీగుర్తైనది. ప్రతి కంపెనీయు తన పొగగొట్టమునకు ఒక వర్ణమును, ఓడ మేనికి ఒక వర్ణమును ఏర్పఱచుకొనెను. మన పెద్దల తాతలలో రంగూను వెళ్లినవారు పెక్కుమంది కలరు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము మొదలగు రేవులనుండి వారిని మోసినవి తఱచుగా బ్రిటిష్ ఇండియా కంపెనీవారి యోడలు. వాటి పొగగొట్టము నల్లనిది. దానిపై రెండు తెల్లపట్టీలు. అక్షరము రాని కూలివానికి ఓడపేరు చదువుట కుదరదు గాని, ఆ రెండు పట్టీలు చదువుట కుదిరియుండును. ఆ పట్టీలలో కళ యేమియు లేదు. అయినను అవి తన్ను దింపిన యోడయేదో, తిరిగి యింటికిఁ జేర్చు నోడయేదో పోల్చుకొనుటకుఁ జాలును.

రంగు సుఖమునకును పనికివచ్చును. నల్లని మేను ఎండను పీల్చును. తెల్లని మేను ఎండను త్రిప్పికొట్టును. పీ అండ్ ఓ కంపెనీవారి యోడలు చిరకాలము నల్లనివే. 1931లో వారు స్ట్రాత్‌నేవర్ అను క్రొత్తయోడకు తెల్లరంగు వేసి, పొగగొట్టములకు లేఁతపసుపు వేసిరి. బొంబాయిమీఁదుగా ఆస్ట్రేలియాకు పోవు నుష్ణమార్గమున నది తగిన రంగే. కూనార్డు కంపెనీవారు 1949లో ప్రయాణములు మొదలిడిన కరోనియా యను విహారనౌకకు పచ్చని రంగులు పులిమిరి. నల్లని మేనికిని ఎఱ్ఱని పొగగొట్టమునకును అలవాటుపడిన కన్నులకు అది వింతగాఁ దోఁచియుండును. అయినను కొలఁదికాలమునకే యాయోడకు పచ్చదేవత యను ముద్దుపేరు వచ్చెను. నేఁటి సంప్రదాయమంతయు ఒకనాఁటి వింతయే యని దీనివలనఁ దెలియును.

యుద్ధకాలమున నొక విచిత్రము జరిగినది. 1917లో జర్మనీ జలాంతర్గాములు వర్తకనౌకలను విచ్చలవిడిగా ముంచుచుండఁగా, నార్మన్ విల్కిన్సన్ అను నాంగ్లచిత్రకారుఁడు ఓడల ప్రక్కలపై నలుపు తెలుపు నీలపు ముక్కలను వంకరటింకరగా వేయవలెనని ప్రతిపాదించెను. ఓడను దాఁచుట యతని యుద్దేశము గాదు. అది యేదిక్కునకు ఎంత వేగముతో పోవుచున్నదో శత్రువునకు అంతుపట్టకుండఁ జేయుట. రెండువేలకు మించిన యోడలు ఆ వేషము ధరించెను. దానివలన నిజముగా ఫలము గలిగెనా యని 1918లో నొక సంఘము లెక్కలు తీసి చూచెను. స్పష్టమైన ఋజువు దొరకలేదు. కాని నావికులకు ధైర్యము గలుగుచున్నదని చెప్పి, ఆ పద్ధతిని కొనసాగింపుమనెను. నమ్మకము గూడ నొక ప్రయోజనమే. మా రైతు చెప్పిన దిష్టికిని దీనికిని గల యంతరము స్వల్పము!

ఇఁక నేఁటి బొమ్మల సంగతి. నా శిష్యుఁడు చూపిన పెదవులు, కన్నులు గల యోడ జర్మనీ దేశపు అయిదా కంపెనీవారిది. 1996లో వారి మొదటి నౌకకు రోస్టాక్ నగరవాసియైన ఫెలిక్స్ బ్యూట్నర్ అను చిత్రకారుఁడు ఆ ముఖమును కల్పించెను. తరువాతి వారి యోడలకును అదే గుర్తైనది. నార్వీజియన్ అను కంపెనీవారు 2013లో బ్రేక్‌అవే యను నౌక ప్రక్కపై పీటర్ మాక్స్ అను చిత్రకారునిచేత న్యూయార్కు నగరపు మేడలను, అచ్చటి స్వేచ్ఛాదేవత విగ్రహమును చిత్రింపించిరి. 2018లో బ్లిస్ అను నౌకపై వైలాండ్ అను చిత్రకారునిచేత తిమింగిలములను వేయించిరి. 2015లో పీ అండ్ ఓ వారి బ్రిటానియా నౌక ముందుభాగమంతయు నాక్రమించునట్లు 94 మీటర్ల పొడవున బ్రిటిష్ జెండా వేయఁబడెను. ఆ సమయముననే యా కంపెనీవారు తమ పొగగొట్టముల పూర్వపు లేఁతపసుపును విడిచి నీలమునకు మాఱిరి. 2017లో ప్రిన్సెస్ కంపెనీవారు మెజెస్టిక్ ప్రిన్సెస్ నౌకనుండి, అంతవఱకు పొగగొట్టముపైననే యుండిన స్త్రీముఖపు గుర్తును ఓడ ముక్కుపైకి పెద్దదిగా దింపిరి.

వీటిని నిరసించువారి వాదము మా వడ్రంగి మాటయే. ఓడ ముక్కు వాలు, ప్రక్క వంపు, వెనుకభాగపు గుండ్రదనము — ఇవి నీటిని చీల్చుటకై నిర్మింపఁబడిన రేఖలు. వీటియందే సౌందర్యము గలదు. వీటిపై బొమ్మ వేసినచో రేఖ చెదరి, బొమ్మ మాత్రమే మిగులును. కంపెనీ ముద్రను ఓడంత పొడవున వేయుట వర్తకుని ప్రకటనయే గాని కళ గాదు; పవిత్రమైన సముద్రమున నంగడిబల్ల తేలియాడినట్లుండునని వారి బాధ. తమ తండ్రులు గుర్తుపట్టిన పసుపు పొగగొట్టము మాయమగుట చూచి నొచ్చుకొన్నవారి బాధయు నట్టిదే. దానిని చాదస్తమని త్రోసివేయరాదు.

సమర్థించువారి వాదమును వినుఁడు. పూర్వపుటోడకు వంపు గలదు; నేఁటి విహారనౌక పదునైదు పదునాఱంతస్తుల పెట్టె. దాని పైభాగమంతయు వరుసలు వరుసలుగా వసారాలు. సౌందర్యరేఖ యెచ్చటనున్నదని దానిని చెఱపుట? అన్నియోడలును తెల్లనివై, అన్నియు నొక్కపోలికగా నుండఁగా, బొమ్మ గల యోడను పిల్లవాఁడు సైతము పేరుపెట్టి పిలుచును. చిత్రశాలకు ఎన్నఁడును పోనివాఁడు రేవుగట్టున నిలిచి యుచితముగా చిత్రమును చూచును. కప్పముక్కు నావను భోజరాజు సమ్మతించెను గదా, తిమింగిలమేమి పాపము చేసెనని నేనే వారి పక్షమున నొకమాట చేర్పఁగలను.

నా శిష్యుని యభిప్రాయ మీ రెండింటికిని వేఱు. "పంతులుగారూ, చూచువారికి బొమ్మ, మాకు పని. త్రాళ్లతో వ్రేలాడఁగట్టిన పలకపై నిలిచి ఉప్పును త్రుప్పును గోఁకి రంగు వేయువారము మేము. తెల్లరంగైనచో మేమే పూసి సరిపుచ్చుదుము. బొమ్మ చెడినచో ఆ రంగులన్నియు సరిపోలవలెను. ఓడ మరమ్మతు డాకునకు చేరువఱకు వేచియుండవలసినను వేచియుండును. లంగరుగొలుసు దగ్గఱ త్రుప్పు కాఱినప్పుడు ఆ కన్నులనుండి కన్నీరు కాఱినట్లే యుండును" అనెను. మేమందఱము నవ్వితిమి గాని, ఆ మాట నా మనస్సున నాటుకొనినది.

నేను తొలుత వడ్రంగి పక్షమువాఁడను. ఆలోచించిన కొలఁది, సొగసునుగూర్చిన యీ తగవులో ఎవరు గెలిచినను మిగులునది స్వల్పమని తోఁచినది. అజంతా యోడ కన్ను చూచుటకుఁ బెట్టిన కన్ను. నేఁటి యోడ కన్ను చూపించుకొనుటకుఁ బెట్టిన కన్ను. ఒకదాని దృష్టి సముద్రముపై. మఱియొకదాని దృష్టి గట్టుపైనున్న మనపై. రెండవది దోష మనను. కాని యోడ రంగులనుగూర్చి యభిప్రాయము చెప్పఁబూనినవాఁడు తన కన్నునకుఁ గనఁబడు దానిని మాత్రమే పరీక్షించినచో నెంత మోసపోవునో చెప్పుటకు రెండు నిదర్శనములు గలవు.

మొదటిది నీటి క్రింది రంగు. నత్తలు, నాచు అంటుకొన్న యోడ వేగము తగ్గి, ఇంధన మధికముగాఁ దినును. వాటిని చంపుటకై 1960ల తరువాత ట్రైబ్యూటిల్ టిన్ అను తగరపు సమ్మేళనమును రంగులోఁ గలిపి ఓడల యడుగునకుఁ బూసిరి. అది మిక్కిలి చక్కగాఁ బనిచేసెను. కాని యా విషము నీటిలోఁ గరఁగి, ఫ్రాన్సు దేశమున ఆర్కషాన్ అను నఖాతములోని ఆల్చిప్పల పెంపకమును పాడుచేసెను. సముద్రపు నత్తలలో ఆఁడునత్తలకు మగలక్షణములు వచ్చి సంతానము నశించెను. 1982లో ఫ్రాన్సు చిన్నయోడలకు దానిని నిషేధించెను. ప్రపంచదేశముల యొడంబడిక 2001లో కుదిరి, 2008లో నమలులోనికి వచ్చెను. పైనున్న బొమ్మ బాగున్నదా లేదా యని తర్కించినవారిలో ఎందఱు ఆ కనఁబడని రంగునుగూర్చి ఒక్కమాట యడిగిరి? ఆల్చిప్పలు పెంచి బ్రదుకువారే మొదట మొఱపెట్టవలసివచ్చెను.

రెండవ నిదర్శనము కనఁబడునదే గాని మిక్కిలి చిన్నది. మా వడ్రంగి యా ఛాయాచిత్రములను కన్నులకు దగ్గఱగాఁ బెట్టుకొని చూచి చూచి, "బొమ్మలు పోనిండు, ఓడ నడుమ నీటికిఁ బైన నా సున్న యేమిటి? దాని నడుమ నడ్డుగీఁత యేమిటి?" యని యడిగెను. ఇంత పెద్ద బొమ్మను విడిచి యతని చూపు దానిపైఁ బడినందులకు నాకు సంతోషము గలిగెను.

పెద్దలారా, ఆ సున్న చరిత్ర యిది. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండున కొందఱు యజమానులు పాతయోడలకు గొప్ప బీమా చేసి, మితిమీఱిన బరువు నింపి పంపుచుండిరి. ఓడ చేరినను లాభమే. మునిఁగినను నష్టము లేదు. నష్టపోవువాఁడు నావికుఁడు. పనికి ఒప్పుకొని పిదప ఓడను జూచి భయపడి యెక్కనన్నవానికి చెఱసాల. శామ్యూల్ ప్లిమ్సోల్ అను బొగ్గువర్తకుఁడు డెర్బీ నియోజకవర్గపు ప్రతినిధిగా శాసనసభకు వచ్చి, 1873లో నావికుల దుఃస్థితినిగూర్చి గ్రంథము ప్రకటించెను. 1875 జూలైలో నౌకాశాసనపుఁ జిత్తును మూలఁబెట్టఁబోవఁగా, సభలోనే కోపము పట్టఁజాలక యజమానులను దుర్మార్గులని యఱచి, పిడికిలి బిగించి, సభనుండి వెలికిఁ బోవలసినవాఁడయ్యెను. ప్రజలు అతని పక్షమున నిలిచిరి. 1876లో ప్రతి సరకునౌక ప్రక్కపైనను బరువుగీఁత వేయవలెనని శాసనమయ్యెను.

అయినను ఆ గీఁతను ఎచ్చట వేయవలెననుట యజమానుని యిష్టమునకే విడువఁబడెను! 1890 శాసనముతోఁ గాని అది లెక్కప్రకారము నిలువలేదు. 1930లో దానిపై పలుదేశములు ఒడంబడిక చేసికొనెను. గీఁత నీట మునిఁగినచో ఓడలో బరువు మించినదని యర్థము. ప్రక్కన నిచ్చెనమెట్లవంటి చిన్నగీఁతలు గలవు. మంచినీటిలో ఓడ యెక్కువ మునుఁగును గావున దానికొకటి, ఉష్ణసముద్రమున కొకటి, శీతకాలమున కొకటి. దానిని చదువుటకు చదువు అక్కఱలేదు. గట్టుపైనున్న కూలివాఁడు సైతము చదువఁగలఁడు.

ఆనాఁడు దానిపైనను అభిప్రాయభేదములు గలిగినవి. వర్తకస్వాతంత్ర్యము చెడునని కొందఱు యజమానులు వాదించిరి. నేఁడు దానిని తీసివేయుమను వారెవ్వరును లేరు. బంగారుపూఁత కాలిపోయినది, వంకరముక్కల రంగు యుద్ధముతోఁ బోయినది, పసుపు పొగగొట్టము నీలమైనది. చిన్నసున్నయు దాని యడ్డుగీఁతయు మాత్రము తిమింగిలముల క్రిందను, జెండాల క్రిందను గూడ నిలిచియున్నవి.

1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున జల ఉష యను నోడను జవహర్‌లాల్ నెహ్రూగారు జలప్రవేశము చేయించిరి. అట్టి యోడలను కట్టిన జాతి మనది. అజంతాలో ఓడకుఁ గన్ను పెట్టిన జాతియు మనదే. మన తీరమునకు ఇఁకముందు ఎన్నిరంగుల విహారనౌకలు వచ్చినను, పిల్లలను తీసికొనిపోయి చూపుఁడు. బొమ్మ బాగున్నచో బాగున్నదనుఁడు, బాగులేనిచో బాగులేదనుఁడు. అందులకు అందఱికిని హక్కు గలదు. కాని పిదప వారి చేయి పట్టుకొని ఓడ నడుమనున్న యా చిన్నసున్నను గూడఁ జూపుఁడు. ఓడ యజమానుఁడు లోకమునకుఁ జెప్పఁదలఁచినది పెద్దబొమ్మలోనున్నది. ఓడలోనివారి ప్రాణములనుగూర్చి ఓడ చెప్పవలసినది ఆ సున్నలోనున్నది.

మా వడ్రంగి నా మాటలన్నియు విని ఛాయాచిత్రమును నా శిష్యునికిఁ దిరిగి యిచ్చుచు, "అబ్బాయీ, నీవెక్కు నోడకు బొమ్మ యేదైనను సరే. ఆ గీఁత నీటికిఁ బైననున్నదో లేదో చూచుకొని యెక్కుము" అనెను. ఇంతకన్న నేను చెప్పఁగలిగినది లేదు.